దీపక్ సింగ్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

సూర్యాపేట పేరు చెప్పగానే ఇప్పుడు చాలామందికి కల్నల్ సంతోష్ బాబు గుర్తొస్తారు. ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ బెటాలియన్‌ను ముందుండి నడిపించి ప్రాణం ఇచ్చారు. మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఆయన గురించి పాటలు కట్టారు, ఫ్లెక్సీలు పెట్టారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. అందులో ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

అదే రాత్రి, అదే లోయలో, అదే బెటాలియన్‌తో నాయక్ దీపక్ సింగ్ అనే మనిషి ఉన్నాడు. ఊరు మధ్యప్రదేశ్‌లోని రీవా జిల్లా. ఉద్యోగం సైన్యంలోని వైద్య విభాగమైన ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. చుట్టూ రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకుంటుంటే ఇతను దెబ్బలు తిన్నవాళ్ల మధ్య తిరుగుతూ రక్తం ఆపుతూ, కట్లు కడుతూ ఉన్నాడు. తనకూ గాయమైంది. అయినా ఆపలేదు. ముప్పైమందికి పైగా సైనికుల ప్రాణాలు నిలబెట్టాడని సైటేషన్, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే పత్రం, చెబుతోంది. చివరికి అతను బతకలేదు. 2021 గణతంత్ర దినోత్సవం నాడు వీర చక్ర ప్రకటించారు. భార్య రేఖా సింగ్ ఆ తర్వాత చెన్నైలో ట్రైనింగ్ పూర్తి చేసి 2023లో లెఫ్టినెంట్ అయ్యారు.

ముప్పైమంది. ముప్పై ఇళ్లలో ఒక కొడుకో, భర్తో, తండ్రో తిరిగొచ్చాడు. ఒక్క రాత్రిలో ఇంతకంటే పెద్ద పని ఇంకేం చేయగలడు మనిషి? అయినా గల్వాన్ గురించి ఊగిపోయి మాట్లాడే నా స్నేహితుల్లో ఒక్కరికీ ఇతని పేరు తెలియదు. తెలియకపోవడానికి కారణం ఉంది, దాని గురించే ఈ వ్యాసం.

మా గిద్దలూరు వైపు పల్లెల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు చాలామంది. మా పెదనాన్నగారి అబ్బాయి కూడా దీపక్ సింగ్ చేసిన ఉద్యోగమే చేసి రిటైరయ్యాడు. లీవులో వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర ఒకటే ప్రశ్న.

“ఏరా, ఎంతమందిని కాల్చావు?”

“నాది ఆస్పత్రి డ్యూటీ బాబాయ్.”

“ఓస్, కాంపౌండర్ పనా! దానికి అంత దూరం పోవాలట్రా?”

అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. మంచుకు నల్లబడిపోయిన కాలివేళ్లను ఎలా కాపాడతారో, కాపాడలేనప్పుడు ఏం చేస్తారో, స్ట్రెచర్ మీద ఉన్నవాడు “మా అమ్మకు ఫోన్ చెయ్యి” అంటుంటే మాట మార్చి ఎలా మెలకువగా ఉంచుతారో, ఇవన్నీ ఎప్పుడో రాత్రిపూట మా ఇంటి అరుగు మీద నాకు చెప్పాడు తప్ప రచ్చబండ దగ్గర చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు లేరు. ఆ పెద్దమనుషులు చెడ్డవాళ్లు కారు. వీరుడంటే కొట్టేవాడు అని వాళ్ల లెక్క. ఆ లెక్క మా ఊరి రచ్చబండ దగ్గరే ఆగిపోతే ఇంత రాయనక్కర్లేదు. ఢిల్లీలో కూడా దాదాపు అదే లెక్క నడుస్తోందని నా అనుమానం.

ఎందుకంటారా? యుద్ధంలో చూపిన సాహసానికి మన పతకాల్లో అన్నిటికంటే పైది పరమవీర చక్ర, తర్వాత మహావీర చక్ర, ఆ తర్వాత వీర చక్ర. పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికి వచ్చింది. అందులో ఆర్మీ మెడికల్ కోర్ మనిషి ఒక్కడు కూడా లేడు. నిబంధనలు అడ్డమా అంటే కాదు. ఆ పతకం ఎవరికి ఇవ్వవచ్చో చెప్పే ఉత్తర్వులో మేట్రన్లు, సిస్టర్లు, నర్సులు, ఆస్పత్రి సేవల సిబ్బంది అందరూ ఉన్నారు. కాగితం మీద తలుపు తీసే ఉంది. 1950 నుంచి ఆ తలుపులోంచి ఎవరూ లోపలికి వెళ్లలేదు, అంతే.

వెళ్లదగ్గవాళ్లు లేకనా? చైనాతో యుద్ధంలో, 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావూ చార్లీ కంపెనీ దాదాపు చివరి మనిషి వరకూ పోరాడింది. యుద్ధం ఆగాక, చలికాలం వెళ్లాక, 1963లో ఆ కొండ మీదికి వెళ్లినవాళ్లకు సైనికులు ఎక్కడివాళ్లు అక్కడే గడ్డకట్టి కనిపించారు. చాలామంది చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. నర్సింగ్ అసిస్టెంట్ ధరమ్‌పాల్ సింగ్ దహియా చేతుల్లో మాత్రం సిరంజి, బ్యాండేజీ ఉన్నాయి. కంపెనీ మొత్తానికీ ఇతనే వైద్యం. మందుగుండు అయిపోతున్నా, పక్కవాళ్లు ఒక్కొక్కరే పడిపోతున్నా, తన వంతు ఎప్పుడో తెలిసీ, చివరి నిమిషం దాకా ఎవరికో ఇంజెక్షన్ ఇస్తూనే ఉన్నాడు. షైతాన్ సింగ్‌కు పరమవీర చక్ర, ధరమ్‌పాల్‌కు వీర చక్ర ఇచ్చారు.

షైతాన్ సింగ్‌కు ఇచ్చింది తగ్గించాలని అనడం లేదు. గల్వాన్‌లో, రెజాంగ్ లాలో మెట్లు మాత్రం ఒకేలా ఉన్నాయి గమనించండి. నడిపించినవాడు పైన, కట్టుకట్టినవాడు కింద.

దీనికి జవాబుగా సైన్యంలో పనిచేసిన ఒక పెద్దాయన నాతో ఒక మాట అన్నారు. కమాండర్ మీద వందమంది బరువు ఉంటుంది. అతను తీసుకునే నిర్ణయంతో ఒక కొండ నిలుస్తుంది, లేదా పోతుంది. వైద్య సిబ్బంది పని గొప్పదే కానీ అది వాళ్ల డ్యూటీ. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల ప్రకారం వాళ్లు తమను, తమ రోగులను కాపాడుకోవడానికి తప్ప ఆయుధం వాడకూడదు. శత్రువును ఓడించే పని వాళ్లది కానప్పుడు శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చే అత్యున్నత పతకం వాళ్లకెలా వస్తుంది?

మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగం మాత్రం అస్సలు ఒప్పుకోను. డ్యూటీ అనే మాట అందరికీ వర్తిస్తుంది. శత్రువు మీదికి వెళ్లడం కాల్బలం డ్యూటీ కాదా? ఇక ఆయుధం లేకపోవడం సాహసాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా? ఎదురుకాల్పులు జరుపుతూ ముందుకెళ్లేవాడికి కనీసం చేతిలో ఏదో ఉంటుంది. వంగి ఇంకొకడి రక్తం ఆపుతున్నవాడి వీపు శత్రువుకు ఎదురుగా ఉంటుంది.

పైగా మన శౌర్య పతకాల పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. బ్రిటిష్ సైన్యం పద్ధతి చూసి, మన అవసరానికి మార్చుకున్నాం. ఆ బ్రిటిష్ వాళ్ల అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్. దాన్ని రెండుసార్లు గెలుచుకున్నవాళ్లు చరిత్ర మొత్తంలో ముగ్గురే ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆర్మీ డాక్టర్లు!

ఒకరు కెప్టెన్ నోయెల్ చవాస్. 1916 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని గీమాన్ దగ్గర రాత్రంతా శత్రువు కందకాల ముందు గాయపడినవాళ్లను వెతికి తెచ్చాడు. మరుసటి ఏడాది బెల్జియంలో తలకు గాయమైనా వెనక్కి వెళ్లనని రెండు రోజులు పనిచేసి ఆగస్టు 4న చనిపోయాడు. రెండో ఆయన ఆర్థర్ మార్టిన్-లీక్. ఈయన కథ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే ఈయన మన రైళ్ల మనిషి. 1902 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలో, బ్రిటిష్ వాళ్లతో పోరాడుతున్న డచ్ సంతతి బోయర్ల కాల్పుల మధ్య గాయపడినవాళ్ల దగ్గరికి వెళ్లి తనే మూడు తూటాలు తిన్నాడు. నీళ్లు తెస్తే మిగతా అందరూ తాగేదాకా ముట్టుకోలేదు. మొదటి విక్టోరియా క్రాస్ అందుకే. ఆ తర్వాత మన దేశానికి వచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో డాక్టరుగా చేరాడు. కలకత్తా నుంచి వాల్తేరు దాకా వచ్చే లైను ఆ కంపెనీదే. మన శ్రీకాకుళం, విజయనగరం స్టేషన్లలో పనిచేసే సిబ్బంది వైద్యం ఆయన శాఖ చూసేది. 1914లో యుద్ధం మొదలవగానే నలభై ఏళ్ల వయసులో ఫ్రాన్స్ వెళ్లి మళ్లీ సైన్యంలో చేరాడు, కొన్ని నెలలకే బెల్జియంలోని జోన్నెబెకె దగ్గర రెండో క్రాస్ సంపాదించాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి 1937 దాకా అదే రైల్వే ఉద్యోగం చేసుకున్నాడు. రైల్వే ఆస్పత్రి వరండాలో బల్లమీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసిన గ్యాంగ్‌మన్‌లకు ఆ దొర ఎవరో తెలుసో లేదో.

బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైనిక వైద్య సేవ అయిన ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో కూడా విక్టోరియా క్రాస్‌లు ఉన్నాయి. కెప్టెన్ జాన్ సింటన్ 1916 జనవరి 21న మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) రెండు చేతులకూ, పక్కలోనూ తూటాలు తగిలినా ఆస్పత్రికి పోనన్నాడు. అదే సింటన్ తర్వాత కసౌలీలో మలేరియా పరిశోధనకు అధిపతై, 1946లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీలో ఫెలో అయ్యాడు. ఆ రెండు గౌరవాలూ ఉన్న మనిషి ప్రపంచంలో ఆయనొక్కడే. కాబట్టి వైద్యుడికి అత్యున్నత శౌర్య పతకం ఇవ్వడం కుదరదనే వాదన చరిత్ర ముందు నిలబడదు. వలస పాలకులు ఇవ్వగలిగారు. మనం ఇవ్వలేదు.

యుద్ధం బయట చూపిన సాహసానికి ఇచ్చే, పరమవీర చక్రతో సమానమైన అశోక చక్ర విషయంలో మాత్రం ఒకసారి ఆ గీత చెరిగింది. మేజర్ లైష్రామ్ జ్యోతిన్ సింగ్, మణిపూర్ డాక్టరు. 2010 ఫిబ్రవరి 26న కాబూల్‌లో మనవాళ్లు ఉంటున్న గెస్ట్‌హౌస్ మీద దాడి జరిగితే, చేతిలో ఏమీ లేకుండా ఒక ఆత్మాహుతి దళ సభ్యుడి మీద పడి పట్టుకున్నాడు. వాడు పేల్చుకున్నాడు. లోపలున్న సహచరులు బతికారు. 2011లో అశోక చక్ర ఇచ్చారు, ఆర్మీ మెడికల్ కోర్‌కు అదే మొదటిది. ఆయనకు శిరసు వంచి నమస్కారం. కానీ నా మనసులో ఒక ముల్లు ఉంది. ఆ కోర్‌కు అత్యున్నత గౌరవం తెచ్చిన పని వైద్యం కాదు, కలబడటం. డాక్టరు సైనికుడిలా పోరాడిన రోజున మనకు వీరుడిగా కనిపించాడు. ధరమ్‌పాల్ అచ్చం వైద్యుడిలాగే చనిపోయాడు, కాబట్టి రెండు మెట్లు కింద ఉన్నాడు.

వైద్యాన్ని వైద్యంగానే గౌరవించిన సందర్భం లేదా అంటే ఉంది, అది కొరియాలో. 1950 నవంబరులో 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే మన సైనిక వైద్య యూనిట్ ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడ దిగింది. నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. 1941లో భారతీయుల్లో మొట్టమొదట పారాచూట్‌తో దూకిన ఇద్దరిలో ఒకరు ఈయన. దిగిన కొద్దిరోజులకే చైనా సైన్యం విరుచుకుపడింది, ప్యాంగ్యాంగ్ ఖాళీ చెయ్యమన్నారు. వీళ్లకు లారీల్లేవు. సామాను తగలబెట్టి వచ్చెయ్యమని సలహా. ఆపరేషన్ సామాను లేకుండా మేమెందుకు అనుకున్నారు మనవాళ్లు. ఎక్కడో వదిలేసిన ఒక ఆవిరి రైలింజన్ దొరికింది. వరసగా నిలబడి బకెట్లతో నీళ్లందించుకుని బాయిలర్ నింపారు. ఇంజన్ నడపడం కాస్త తెలిసినవాళ్లు యూనిట్‌లోనే ఉన్నారు. పెట్టెలన్నీ ఎక్కించి, వంతెన పేల్చివేయడానికి కొంచెం ముందు నది దాటేశారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఒళ్లు కూడా జలదరిస్తుంది. డాక్టర్లు, నర్సింగ్ సిపాయిలు బొగ్గు మసి పూసుకుని రైలు నడుపుకుంటూ పోవడం!

1951 మార్చి 23న మున్సాన్-నీ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఈ యూనిట్ నుంచి పన్నెండుమంది విమానంలోంచి దూకారు. కింద యుద్ధం జరుగుతుండగానే ఆపరేషన్లు చేశారు. రంగరాజ్‌కు మహావీర చక్ర వచ్చింది, ఇంకా ఎన్నో పతకాలు వచ్చాయి. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఆగ్రాలో యూనిట్ మొత్తానికి ఒక ట్రోఫీ ఇచ్చారు. నాకు నచ్చింది ఆ ట్రోఫీ. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

వైద్య దళాల అసలు విజయం చాలాసార్లు పతకానికి అందని చోట ఉంటుంది. సికింద్రాబాద్ వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఇండియన్ మెడికల్ సర్వీస్ ఆఫీసరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టడానికి చెయ్యి ఇచ్చిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కు ఒక పక్క నోబెల్ ఉందనుకోండి, ఇంకో పక్క అదే సర్వీసు క్రిమిని కనిపెట్టిన మరుసటి నెలలోనే ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసి పడేసింది. ప్రభుత్వం వారి గౌరవం అంటే అదీ!

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సంగతి ఇంకా పెద్దది. అక్కడ జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ ఇండియా సైన్యానికి నాయకుడైన జనరల్ స్లిమ్ లెక్క ప్రకారం 1943లో యుద్ధంలో గాయపడి వెనక్కి వచ్చే ఒక్కొక్కడికి జబ్బుతో వెనక్కి వచ్చేవాళ్లు 120 మంది. అంటే జపాన్ వాడికంటే దోమ పెద్ద శత్రువు. స్లిమ్ డాక్టర్ల మాట విన్నాడు. రోగిని ఎక్కడో దూరం పంపకుండా ముందు వరసల దగ్గరే వైద్యం పెట్టించాడు. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర ప్రతివాడూ రోజూ మింగాలన్నాడు. సైనికులు మింగితేనా? చేదు, పైగా ఒళ్లు పసుపు రంగుకు తిరుగుతుంది, మగతనం పోతుందని పుకారు కూడా. దాంతో హఠాత్తుగా కొన్ని యూనిట్లలో ప్రతివాడికీ రక్త పరీక్ష చేయించాడు. 95 శాతం కంటే తక్కువమందిలో మందు కనిపిస్తే కమాండింగ్ ఆఫీసరును పీకేశాడు. ముగ్గురిని పీకాల్సి వచ్చింది, మిగతావాళ్లకు అర్థమైపోయింది. తర్వాతి రెండేళ్లలో జబ్బుల లెక్క ఎక్కడికో పడిపోయింది, అదే సైన్యం బర్మాను గెలిచింది. రోజూ సాయంత్రం వరసలో నిలబెట్టి నోట్లో మాత్ర వేసి, నాలుక ఎత్తమని చూసిన ఆ నర్సింగ్ సిపాయికి ఏ పతకం ఇస్తారు? ఏ సైటేషన్ రాస్తారు? “ఫలానా తేదీన 400 మందికి జ్వరం రాలేదు” అని రాయగలరా?

ఈ నిశ్శబ్ద సేవకు ఉన్న గౌరవాలన్నీ ఎక్కువగా పెద్ద ర్యాంకుల దగ్గర, ఉద్యోగం చివర్లో వస్తాయి. పరమ విశిష్ట సేవా మెడల్ ఎవరికొస్తుందో గణతంత్ర దినోత్సవం జాబితా తీసి చూడండి, ఎక్కువగా లెఫ్టినెంట్ జనరళ్లే. అప్పుడప్పుడూ మంచి వార్తలూ ఉంటాయి. చిత్తూరు జిల్లాకు చెందిన బ్రిగేడియర్ ఎస్.వి. సరస్వతి 1983లో మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో చేరి, ఆపరేషన్ థియేటర్లలో మూడు వేలకు పైగా అత్యవసర శస్త్రచికిత్సల్లో పాలుపంచుకున్నారు. 2020 సంవత్సరానికి జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు అందుకున్నారు. మన ప్రాంతం మనిషి. మన పేపర్లలో ఒక మూల వచ్చి వెళ్లిపోయింది.

ఇక పశువైద్యం. రిమౌంట్ వెటర్నరీ కోర్ తన పుట్టుకను 1779 దాకా లెక్కపెట్టుకుంటుంది, కేంద్రం మీరట్. సైన్యానికి గుర్రాలు, కంచరగాడిదలు సమకూర్చడం, వైద్యం చేయడం, ఇప్పుడు ముఖ్యంగా కుక్కలను తయారుచేయడం వీళ్ల పని. ఇక్కడ గౌరవాల కథ తలకిందులు. మనుషుల వైద్యంలో కొందరి పేర్లయినా బయటికొస్తాయి. ఇక్కడ కుక్క పేరే వస్తుంది.

2015 ఆగస్టులో కుప్వారా జిల్లా తంగ్‌ధార్‌లో చొరబాటుదార్లను పసిగట్టిన లాబ్రడార్ మాన్సీ, దాని హ్యాండ్లర్ బషీర్ అహ్మద్ వార్ కలిసే చనిపోయారు. మరుసటి జనవరిలో మాన్సీకి మెన్షన్ ఇన్ డిస్పాచెస్, అంటే సైనిక నివేదికలో పేరెత్తి మెచ్చుకునే గౌరవం, వచ్చింది. 2022లో బారాముల్లాలో ఆక్సెల్, అనంతనాగ్‌లో జూమ్ అనే సైనిక కుక్కలు కాల్పులకు బలయ్యాయి. జూమ్‌కు రెండు తూటాలు తగిలాక శ్రీనగర్‌లోని సైనిక పశు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, అక్టోబరు 13న చనిపోయింది. దేశమంతా దాని ఫొటో షేర్ చేసింది. రాత్రింబవళ్లు దాన్ని బతికించాలని చూసిన పశువుల డాక్టర్ల పేర్లు ఎవరైనా అడిగారా? నేను కూడా ఫొటో చూసి నిట్టూర్చి ముందుకు జరిపినవాడినే.

బ్రిటన్‌లో జంతువులకు డికిన్ మెడల్ అని ప్రత్యేకంగా ఉంది, 1943 నుంచి ఇస్తున్నారు. మొదటి విడతలో 1949 దాకా ఇచ్చిన 54లో 32 పావురాలకే వెళ్లాయి, 18 కుక్కలకు, మూడు గుర్రాలకు, ఒకటి పిల్లికి. మనకూ అలాంటిది పెట్టాలని కొందరు రాస్తున్నారు. పెడితే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కుక్కకు పతకంతో ఏం పని? 2015లో ఆర్టీఐ ద్వారా బయటపడిన సంగతి ఏమిటంటే, పనికిరాకుండా పోయిన సైనిక కుక్కలకు ఇంజెక్షన్ ఇచ్చి చంపేసేవారు. గొడవయ్యాక, కోర్టు దాకా వెళ్లాక పద్ధతి మారింది. ముసలి కుక్కలకు మీరట్‌లో వసతి ఏర్పాటైంది, ఇష్టపడ్డవాళ్లు పెంచుకోవడానికీ ఇస్తున్నారు. 2016లో 26 ఏళ్ల తర్వాత కుక్కలు రాజ్‌పథ్ మీద కవాతు చేశాయని పెద్ద వార్త. నన్నడిగితే, ఆ కవాతుకంటే ముసలితనంలో దొరికిన ఆ గంజి, ఆ నీడ పెద్ద సన్మానం. పెడోంగీ అనే కంచరగాడిద సంగతి కూడా అలాంటిదే. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, వాళ్ల మెషీన్‌గన్ వీపు మీద ఉండగానే మన వైపు నడిచి వచ్చేసిందని చెబుతారు. 1992లో దానికి నీలం రంగు మఖమలు కప్పి సన్మానించారు. అంతకంటే ముఖ్యం, 1998లో చనిపోయేదాకా దాన్ని చక్కగా చూసుకున్నారు.

ఇప్పుడు ట్రోఫీ దగ్గరికి వస్తాను. గల్వాన్‌లో దీపక్ సింగ్ కట్టు కట్టినవాడిని ఎవరో మోసుకొచ్చారు, ఎవరో హెలికాప్టర్ ఎక్కించారు, ఎవరో రక్తం సిద్ధం చేశారు, ఎవరో థియేటర్లో నిలబడ్డారు. వైద్యం ఒక్కడి పని కాదు. శౌర్య పతకం మాత్రం ఒక్కడి కోసం తయారైంది. అందుకే వైద్య, పశువైద్య దళాలకు యూనిట్ మొత్తానికి ఇచ్చే గౌరవమే బాగా అతుకుతుంది. సైన్యాధిపతి యూనిట్ సైటేషన్ అని ఒకటి ఇప్పటికే ఉంది. 1979 డిసెంబరులో రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ఆర్మీ మెడికల్ కోర్‌కు పతాకం ఇచ్చారు, 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పుణెలోని సైనిక వైద్య కళాశాలకు ఇచ్చారు. కానీ పతాకం ఉత్సవాల్లో బయటికి తీసేది. నేను అడిగేది ఫలానా ఫీల్డ్ ఆస్పత్రి ఫలానా నెలలో ఇంతమందిని బతికించింది అని పేరుపేరునా, డ్రైవరు దాకా రాసి గెజెట్‌లో వేసే గౌరవం. దానికి కొత్త పతకం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

దానితో పాటు, ఈసారి ఎక్కడైనా ఇంకో ధరమ్‌పాల్ సైటేషన్ ఢిల్లీలో బల్లమీదికి వచ్చినప్పుడు, ఆ ఉత్తర్వులో “నర్సులు, ఆస్పత్రి సిబ్బంది” అని రాసి ఉన్న పేరాను ఒకసారి చదివి ఆ తర్వాతే సంతకం పెట్టండి.